బేస్ గిటార్ నట్, దాని గాడి గురించి నాలుగు మాటలు

పోయిన నెల మా పక్క ఊరి చర్చిలో బేస్ వాయించే కుర్రాడు రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నా బేస్ నట్ పగిలిపోయిందన్నా, షాపులో అడిగితే బ్రాస్ నట్ వేస్తే సౌండ్ మొత్తం మారిపోద్ది అంటున్నారు, ఫిట్టింగుతో కలిపి మూడు వేలంట, వేయించేయమంటావా" అని. నట్ అంటే గిటార్ మెడ పైచివర, ట్యూనింగ్ కీస్ కి ముందు స్ట్రింగ్స్ ఆనే చిన్న ముక్క, ఒక్కో స్ట్రింగ్ కూర్చోడానికి దాంట్లో ఒక్కో గాడి ఉంటుంది. వాడు డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు మందుల షాపులో పనిచేస్తాడు, మూడు వేలంటే వాడికి దాదాపు సగం నెల జీతం. కాస్త ఆగరా అని చెప్పా. ఎందుకు ఆగమన్నానో చెప్పబోతే ఏడు నిమిషాల వాయిస్ అయింది, వాడు దాన్ని ఇంకో నలుగురికి పంపాడు, ఆ నలుగురూ నాకు ఫోన్లు. అందుకే ఒకచోట రాసి పెడదామని కూర్చున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. నట్ మార్చాలనుకోగానే మనందరం అడిగే మొదటి ప్రశ్న ఏ మెటీరియల్ మంచిది అని. ఎముకా, ఇత్తడా, గ్రాఫైటా, ప్లాస్టిక్కా. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. గాడి ఎంత లోతు కోశారు, ఏ వాలులో కోశారు, స్ట్రింగ్ మందానికి సరిపోయేలా కోశారా లేదా, ఇవి ముందు. డబ్బులు పెట్టాలనుకుంటే ఆ గాడి కోసే మనిషి పనికి పెట్టాలి గానీ ముక్కకి కాదు. ఈ మాట నేను గట్టిగా అనడానికి కారణం నా బేస్ తో నేను రెండేళ్ళు పడ్డ బాధ.

ఎఫ్ లో పాడితే చాలు

నాది సెకండ్ హ్యాండ్ బేస్, జాజ్ బేస్ అనే మోడల్ పద్ధతిలో చేసింది, 34 అంగుళాల స్కేలు (నట్ నుంచి అటు చివర బ్రిడ్జ్ దాకా స్ట్రింగ్ పొడవు), నట్ దగ్గర 38 మిల్లీమీటర్ల వెడల్పు. కొన్నప్పుడు బాగానే అనిపించింది. తర్వాత తర్వాత చర్చిలో ఒక ఇబ్బంది మొదలైంది. జి శ్రుతిలోనో డి శ్రుతిలోనో పాడుతున్నప్పుడు ఏం ఉండేది కాదు, ఎఫ్ లో పాట మొదలెడితే మాత్రం ఎక్కడో అతకనట్టు ఉండేది. దాన్ని మొదట పట్టుకుంది నేను కాదు, క్వయర్ లో ఆల్టో (ఆడవాళ్ళలో కింది గొంతు) పాడే అక్క. ప్రాక్టీస్ అయిపోయాక పక్కకి పిలిచి "బ్రదర్, ఎఫ్ లో పాడినప్పుడల్లా మమ్మల్ని ఎవరో పైకి లాగుతున్నట్టు ఉంటుంది, కీబోర్డ్ తో పాడితే రావట్లేదు, మీరు కలిస్తేనే వస్తుంది" అంది. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే బేస్ అనేది అందరూ కాళ్ళు పెట్టుకునే నేల లాంటిది, ఆ నేలే సరిగా లేదని చెప్తోంది ఆవిడ.

ముందు నా వేళ్ళని అనుమానించా. గట్టిగా నొక్కుతున్నానేమో అని నెలరోజులు మెల్లగా నొక్కడం ప్రాక్టీస్ చేశా. తర్వాత స్ట్రింగ్స్ మార్చా. తర్వాత ఒక షాపుకి తీసుకెళ్తే పికప్స్ (స్ట్రింగ్ ఊపుని కరెంటు సిగ్నల్ గా మార్చేవి) మార్చాలన్నారు, అదృష్టం కొద్దీ ఆ రోజు చేతిలో డబ్బుల్లేవు. బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్స్ ఆనే శాడిల్స్ ముందుకీ వెనక్కీ తిప్పి పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు తీగల్ని ఫ్రెట్లు అంటారు) దగ్గర స్వరం కరెక్టుగా పెట్టా. అయినా ఎఫ్ మారలేదు.

చివరికి ఒక రాత్రి ట్యూనర్ (స్వరం కొలిచే మీటర్) పెట్టుకుని ఒక్కో ఫ్రెట్టూ రాసుకుంటూ వెళ్ళా. ఓపెన్ ఇ, అంటే ఇ స్ట్రింగ్ ని ఏ ఫ్రెట్టూ నొక్కకుండా వాయిస్తే, ముల్లు సరిగ్గా మధ్యలో. మొదటి ఫ్రెట్ నొక్కితే ఎఫ్ 15 సెంట్లు ఎక్కువ. రెండో ఫ్రెట్ లో 9. మూడులో 5. ఐదు దాటాక దాదాపు సరిపోతోంది. ఒక స్వరానికీ పక్క అరమెట్టు స్వరానికీ మధ్య ఉండేది 100 సెంట్లు కదా, అందులో 15 అంటే ట్యూనర్ లేకపోయినా చెవికి తెలిసిపోద్ది. నట్ కి దగ్గరయ్యే కొద్దీ తప్పు పెరుగుతోందంటే తప్పు నట్ దగ్గరే ఉండాలి. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

జరిగేది ఇదీ. 34 అంగుళాల స్కేలులో నట్ నుంచి మొదటి ఫ్రెట్ కి దూరం 48 మిల్లీమీటర్ల చిల్లర. నట్ లో గాడి లోతు చాలకపోతే స్ట్రింగ్ అక్కడ ఎత్తులో ఉంటది, ఆ చిన్న దూరంలోనే దాన్ని కిందికి వంచాలి, వంచితే సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. ఏడో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఆ వంపు పెద్ద దూరం మీద పరుచుకుంటుంది కాబట్టి తేడా తెలీదు. బ్రిడ్జ్ దగ్గర శాడిల్ ఎంత తిప్పినా మొదటి ఫ్రెట్ మీద దాని ప్రభావం బహుస్వల్పం. ఎఫ్ లో పాడే పాటకి మూలస్వరం సరిగ్గా ఆ ఇ స్ట్రింగ్ మొదటి ఫ్రెట్టే. ఆల్టో అక్క చెవికి తెలిసింది అదే.

మీ బేస్ కి ఈ జబ్బు ఉందో లేదో చూసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. స్ట్రింగ్ ని రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద స్ట్రింగ్ ని వేలితో తట్టండి. సన్నగా టిక్ టిక్ మని కొంచెం కదిలితే బాగున్నట్టు. అసలు కదలకుండా ఫ్రెట్ కి ఆనుకుపోయుంటే గాడి మరీ లోతయినట్టు, ఓపెన్ స్ట్రింగ్ గరగరలాడొచ్చు. నా బేస్ లో స్ట్రింగ్ కీ మొదటి ఫ్రెట్ కీ మధ్య సందులోకి రెండు విజిటింగ్ కార్డులు కలిపి పెడితే హాయిగా దూరిపోయాయి, అంటే గాడి లోతు చాలనట్టు.

ఇత్తడి వాదన

ఇప్పుడు మెటీరియల్ సంగతి. ఇత్తడి వేస్తే సౌండ్ మారుతుందన్న వాదనలో పస లేదని నేను అనను. నట్ మీద స్ట్రింగ్ ఆనేది ఓపెన్ గా వాయించినప్పుడే, ఏదైనా ఫ్రెట్ నొక్కారంటే అప్పుడు స్ట్రింగ్ ఆనేది ఆ ఫ్రెట్ లోహం మీద, నట్ పనిలో లేనట్టే. కాబట్టి నట్ ఇత్తడిదైతే ఎఫ్ సౌండ్ మారదు, బి సౌండ్ మారదు. మారితే ఓపెన్ ఇ, ఏ, డి, జి. దీనికి ఎదురు మాట కూడా ఉంది, బేస్ లో ఓపెన్ స్ట్రింగ్స్ వాడకం తక్కువేం కాదు, ఇ లోనో ఏ లోనో పాట ఉంటే సగం ఓపెన్ స్ట్రింగ్స్ మీదే నడుస్తది. నిజమే. నట్ కూడా లోహమైతే ఓపెన్ స్వరమూ నొక్కిన స్వరమూ ఒకే రంగులో వినిపిస్తాయని ఇత్తడి ఇష్టపడేవాళ్ళు చెప్తారు, ఆ మాటలో న్యాయం ఉంది. అలెంబిక్ లాంటి ఖరీదైన బేస్ లకి ఇత్తడి నట్టే వస్తది కూడా. కానీ ఆ నట్ కి ఎత్తు సర్దుకోవడానికి స్క్రూలు ఉంటాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. వార్విక్ వాళ్ళైతే ఇంకో అడుగు ముందుకెళ్ళి ఒక్కో స్ట్రింగ్ ఎత్తు విడివిడిగా మార్చుకునే నట్ పెట్టారు. అంత పెద్ద కంపెనీలు ఎత్తు కోసం అంత తాపత్రయపడుతుంటే మనం ముక్క దేంతో చేశారో చూసి డబ్బులు కడుతున్నాం.

ఇంకో ఉదాహరణ జీరో ఫ్రెట్. హాఫ్నర్ వయొలిన్ బేస్, బీటిల్స్ పాల్ మెకార్ట్నీ చేతిలో అందరూ చూసిందే, దానికి నట్ ముందు ఇంకో ఫ్రెట్ ఉంటుంది. ఓపెన్ స్ట్రింగ్స్ దాని మీదే ఆనతాయి, నట్ పని స్ట్రింగ్స్ ని దూరదూరంగా పట్టుకోవడం వరకే. అన్నిటికీ అదే పెట్టేస్తే ఈ గొడవే ఉండదు కదా అని నన్ను అడిగారు. నిజంగానే ఎత్తు గొడవ పోతుంది. లావు స్ట్రింగ్స్ కింద ఆ ఫ్రెట్ అరిగితే మళ్ళీ మార్చాలి, లేని బేస్ కి కొత్తగా పెట్టాలంటే నట్ చేయడం కంటే పెద్ద పని, అది వేరే సంగతి. నాకు దాంట్లో కనిపించేది ఏంటంటే, అక్కడ ఆనేది మామూలు ఫ్రెట్ తీగ, అయినా దాని సౌండ్ గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎత్తు కరెక్టుగా ఉంది కాబట్టి.

మా క్వయర్ కీబోర్డ్ తమ్ముడు, నేనూ ఒకరోజు చిన్న పరీక్ష చేశాం. నా బేస్ కి అప్పటికే నేను కోసి వేసుకున్న ఎముక నట్, వాడి స్నేహితుడి బేస్ కి కోరియన్ అనే కృత్రిమ రాయితో చేసిన నట్. ఆ స్నేహితుడు ఎముక ముట్టుకోనన్నాడు, పూర్తి శాకాహారి, వాడి ఇష్టం వాడిది, వంటింటి గట్లు చేసే షాపులో మిగిలిపోయిన కోరియన్ ముక్క తెచ్చుకుంటే దాంతోనే కోసిచ్చా. రెండు బేస్ లకీ ఒకే రకం కొత్త స్ట్రింగ్స్ వేసి, తమ్ముడు వీపు తిప్పుకుని కూర్చుంటే ఓపెన్ స్ట్రింగ్స్ ఇరవై సార్లు వాయించాం. ఏది ఏదో వాడు చెప్పలేకపోయాడు. రెండు బేస్ లూ వేరు, గది చిన్నది, కాబట్టి దీన్ని నేను ఋజువు అనను. కానీ నా బేస్ కి పాత నట్ ఉన్నప్పుడు చేసిన రికార్డింగ్ లో ఎఫ్ వినిపించగానే వాడు వెనక్కి తిరగకుండానే "ఇది పాతది" అన్నాడు, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆచారి గారి బల్ల దగ్గర

గిటార్ నట్ కోసే ప్రత్యేకమైన ఆకురాళ్ళు ఉంటాయి, ఒక్కో స్ట్రింగ్ మందానికి ఒక్కోటి, సెట్టు ధర చూస్తే నా బేస్ ధరలో సగం. అందుకని మా బజార్లో కంసాలి పని చేసే ఆచారి గారి దగ్గరికెళ్ళా. ఆయన దగ్గర సన్న ఆకురాళ్ళు గుండ్రటివి, చదునువి, మూడు పలకలవి, ఒక పెట్టె నిండా ఉన్నాయి. "బాబూ, బంగారం కాదు కదా, ఎముకేగా, నా బల్ల మీదే కూర్చుని చేసుకో" అన్నారు. మూడు మధ్యాహ్నాలు అక్కడే కూర్చున్నా.

పాత నట్ తీయడం తేలిగ్గానే అయింది. అంచుల్లో పాలిష్ ని బ్లేడుతో గీసి, చెక్క ముక్క ఆనించి పక్క నుంచి చిన్న సుత్తితో తడితే జరిగి వచ్చేసింది. లోపల మాత్రం ఎవరో ఫెవిక్విక్ కుమ్మరించారు, దాన్ని గీరి నట్ కూర్చునే కాలువ అడుగు చదును చేయడానికే గంట పట్టింది. ఈ కాలువ శుభ్రంగా లేకపోతే మీరు పైన ఎంత అందమైన నట్ పెట్టినా కింద గాలి మీద కూర్చుంటది. కొత్త ఎముక ముక్క ఆన్ లైన్ లో వంద రూపాయలకి వచ్చింది, కడిగి జిడ్డు తీసేసి తెల్లగా చేసింది. అంతకుముందు మాంసం కొట్టు నుంచి కాలి ఎముక తెచ్చి నేనే ఉడికించి చూశా, జిడ్డు సరిగా పోలేదు, నెలకి పచ్చబడింది. కొన్నదే మేలు. ఎముక రుద్దేటప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వస్తది, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు లేకుండా కూర్చోకండి.

మందం దగ్గర తొందరపడకూడదు. ఎమరీ పేపర్ ని గాజు పలక మీద పరిచి ముక్కని దాని మీద రుద్దుతూ, పది సార్లు రుద్దడం, కాలువలో పెట్టి చూడడం, మళ్ళీ పది సార్లు. వేలితో నొక్కితే బిగువుగా దిగి, గిటార్ తిరగేసినా జారిపోకుండా ఉండాలి. అలా దిగితే జిగురు రెండు చుక్కలు చాలు, రేపు ఇంకొకరు తీయాలన్నా ఇబ్బంది ఉండదు.

తర్వాత పెన్సిల్ పని, అది నాకు చాలా ఇష్టమైన భాగం. పెన్సిల్ ని నిలువునా సగానికి చీల్చి, చదునైన వైపు ఫ్రెట్ల మీద ఆనించి నట్ ముఖం మీద ఇటు నుంచి అటు గీత గీస్తే, ఫ్రెట్ల ఎత్తు ఎంతో ఎముక మీద అచ్చు పడుద్ది, ఫ్రెట్ బోర్డు వంపుతో సహా. ఆ గీత దాటి ఒక్క వెంట్రుక కిందికి పోయినా ముక్క పాడైనట్టే. గాడి అడుగు ఆ గీతకి కాస్త పైన ఆగాలి.

స్ట్రింగ్స్ మధ్య దూరం కూడా చూసుకోవాలి. ఒక్కో గాడి నడిమి బిందువు నుంచి పక్క గాడి నడిమి బిందువుకి దూరం సమానంగా పెడితే కుదరదు, ఎందుకంటే ఇ స్ట్రింగ్ 2.67 మిల్లీమీటర్లు, జి 1.14 మాత్రమే. వేలికి తెలిసేది స్ట్రింగ్స్ మధ్య ఖాళీ, కాబట్టి ఖాళీలు సమానంగా ఉండాలి. రెండు అంచుల్లో 3 మిల్లీమీటర్లు వదిలేస్తే మిగిలిన 32 లోంచి నాలుగు స్ట్రింగ్స్ మందం 7.62 తీసేసి మూడుతో భాగిస్తే ఒక్కో ఖాళీ 8.1 వచ్చింది. అలా లెక్క వేస్తే నడిమి బిందువుల దూరాలు ఇ నుంచి ఏ కి పదిన్నర, ఏ నుంచి డి కి పది, డి నుంచి జి కి తొమ్మిదిన్నర. పాత నట్ లో ఇవి మూడూ ఒకటే ఉండేవి, ఇ, ఏ ల మధ్య నా వేలు ఎందుకు ఇరుక్కునేదో అప్పుడు తెలిసింది.

గాడి కోయడం మొదలెట్టాక ఆచారి గారు తన పని ఆపి చూడసాగారు. నేను ఆకురాయిని అడ్డంగా, నేలకి సమాంతరంగా పట్టుకుని రుద్దుతున్నా. "అలా కాదు బాబూ, తీగ ఎటు పోతోందో రాయి అటు వాలాలి" అని నా మణికట్టు పట్టుకుని కొంచెం వెనక్కి వంచారు. ట్యూనింగ్ కీస్ వైపు కిందికి వాలుతూ ఉండాలి గాడి, అంటే స్ట్రింగ్ ఆనేది ఫ్రెట్ బోర్డు వైపు అంచు ఒక్కటే అవ్వాలి. చదునుగా కోస్తే స్ట్రింగ్ గాడి పొడుగునా రాసుకుని జుయ్ మంటది. నా మొదటి గాడి అలాగే జుయ్ మంది. ఆయన అది విని నవ్వి "తంబురాకి ఇదే కావాలని దారం పెట్టి తెప్పిస్తారు, జీవా అంటారు దాన్ని, నీ దానికి వద్దు కదా" అన్నారు. తంబురా కి ప్రాణం పోసే ఆ చప్పుడే బేస్ లో జబ్బు, రెండిటికీ మూలం తీగ ఎక్కడ ఆనుతోందన్నదే. ఆ మాట విన్నాక నాకు నట్ అంటే ఏంటో కొత్తగా తెలిసినట్టయింది.

ఆయన అన్న ఇంకో మాట ఇంకా గుర్తుంది. "వీణకి మేళం కట్టేటప్పుడు మెట్టు తప్పొస్తే మైనం మెత్తబరిచి జరుపుతారు. నీకు ఆ వీలు లేదు. తీసింది మళ్ళీ రాదు." సరిగ్గా ఆ సాయంత్రమే 'ఏ' స్ట్రింగ్ గాడి లోతు తప్పించా. నాలుగు రుద్దులు ఎక్కువైనట్టున్నాయి. ఎముక పొడి నింపి ఫెవిక్విక్ చుక్క వేసి మళ్ళీ కోస్తే అతుకు పడుద్ది, చాలామంది చేస్తారు, ఆదివారానికి గండం గట్టెక్కించడానికి పనికొస్తది. కానీ లావు స్ట్రింగ్ రోజూ రాసుకునే చోట ఆ అతుకు ఎన్నాళ్ళుంటుందో అని నా మనసొప్పలేదు, ముక్క పక్కన పడేసి రెండోది మొదలెట్టా. రెండోదానికి బైక్ మెకానిక్ దగ్గర ఫీలర్ గేజ్ అడిగి తెచ్చా, ఇంజన్ లో ట్యాపెట్ సందులు కొలిచే సన్న రేకులు. ఫ్రెట్ ఎత్తు 1.1 మిల్లీమీటర్లు ఉంటే దానికి ఇ వైపు పావు మిల్లీమీటరు, జి వైపు 0.15 కలిపి అన్ని రేకులు నట్ ముందు పేర్చి, ఆకురాయి ఆ రేకుకి తగిలి కీచుమనగానే ఆపేయడం. ఇ స్ట్రింగ్ ఊపు పెద్దది కాబట్టి దానికి కాస్త ఎక్కువ వదిలా. చివర్లో పాత స్ట్రింగ్ ముక్కనే గాడిలో వేసి ముందుకీ వెనక్కీ లాగితే దాని చుట్లే సన్న ఆకురాయిలా పనిచేసి అడుగు నునుపు చేశాయి. పైన మిగిలిన ఎముకని స్ట్రింగ్ సగం బయటకి కనపడేంత వరకు దించేశా.

స్ట్రింగ్స్ బిగించి ట్యూనర్ పెట్టా. ఎఫ్ 3 సెంట్లు.

మరి షాపు వాళ్ళ సంగతి

ఇంత చెప్పాక, అందరూ ఇంట్లో చేసుకోవాలని నేను అంటున్నానా అంటే, లేదు. మూడు మధ్యాహ్నాలు అందరికీ దొరకవు, ఆచారి గారి లాంటి మనిషి అందరికీ దొరకడు. గాళ్ళు ముందే కోసిన రెడీమేడ్ నట్ తెచ్చి, దాని అడుగు రుద్ది ఎత్తు దించి, గాళ్ళు సర్దితే చాలామందికి సరిపోతుంది, గంటన్నర పని. నేను వద్దంటున్నది ఆ సర్దడం లేకుండా ప్యాకెట్ లోంచి తీసి అతికించేసి మూడు వేలు తీసుకోవడం. రెడీమేడ్ నట్ లో గాళ్ళు ఎప్పుడూ కొంచెం ఎత్తుగానే వదులుతారు, మీ ఫ్రెట్ల ఎత్తు ఎంతో ఫ్యాక్టరీకి తెలీదు కాబట్టి. అది తప్పు కాదు, మిగతా పని బిగించేవాడు చేస్తాడన్న నమ్మకంతో వదిలింది అది.

రిపేర్ చేసే ఒకాయనతో ఇదే మాట్లాడితే ఆయన చెప్పింది విని నాకు కాసేపు మాట రాలేదు. "అన్నా, ఇత్తడి ముక్క రెండున్నర వేలు అంటే ఎవరూ బేరం ఆడరు. గాళ్ళు సర్దడానికి ఐదొందలు అంటే, అరగంట పనికి ఐదొందలా అని గొడవ పడతారు. నేనేం చేయను, ముక్క ధరలోనే నా కూలి కలిపేస్తా." ఆయన్ని తప్పు పట్టలేకపోయా. తప్పు మనది. కనపడే వస్తువుకి డబ్బులిస్తాం, కనపడని పావు మిల్లీమీటరుకి ఇవ్వం, అందుకని ఆ పావు మిల్లీమీటరు చూసుకునే మనిషి ముక్కలు అమ్ముకునే మనిషిగా మారిపోతాడు. పల్లెల్లో, చిన్న టౌన్లలో ప్రతి చర్చిలో ఇవాళ ఒక బేస్ ఉంది, ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర ఉంది, ఇన్ని బేస్ లు ఉన్న చోట గాడి కోయడం వచ్చిన మనిషి బతకలేకపోతే మనకే నష్టం. కాబట్టి ఈసారి షాపుకి వెళ్తే, ఏ నట్ వేస్తారు అని అడిగేముందు, మొదటి ఫ్రెట్ దగ్గర ఎంత సందు వదుల్తారు అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఎంత అడిగితే అంత ఇవ్వండి, బేరం ఆడకండి.

ఆ కుర్రాడు శనివారం వచ్చాడు. వాడిది ప్రెసిషన్ బేస్ పద్ధతిది, వెడల్పు నట్, ఇ వైపు మూల విరిగిపోయి ఉంది. నా దగ్గర మిగిలిన ఎముక ముక్క వెడల్పుకి సరిపోయింది. మూడు స్ట్రింగ్స్ గాళ్ళు నేను కోసి, జి గాడి వాడి చేతికిచ్చా. రేకుకి రాయి తగిలి కీచుమనగానే ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు, "ఇంకొంచెం తీయనా అన్నా" అన్నాడు, వద్దురా అన్నా. ఇంటికెళ్ళేటప్పుడు పాత ప్లాస్టిక్ ముక్కని కాగితంలో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మాటల్లేవు. ఓపెన్ ఇ ఒకసారి, వెంటనే ఎఫ్ ఒకసారి. ఫోన్ ని స్పీకర్ కి కలిపి ట్యూనర్ పక్కన పెట్టి మళ్ళీ విన్నా. రెండు సెంట్లు.